అవ్వకు నచ్చని దెయ్యం

కడప దగ్గరి పల్లె. వేసవి సెలవులకొచ్చిన మనవడు రాత్రిపూట టీవీలో రాంగోపాల్ వర్మ 'దెయ్యం' పెట్టాడు. 1996 నాటి సినిమా. ఊరికి దూరంగా ఫాంహౌస్ కొనుక్కున్న కుటుంబం, వరసగా చావులు, జయసుధ, మహేశ్వరి. వాడు దుప్పటి ముసుగేశాడు. అవ్వ మాత్రం ఆకువక్క నములుతూ చివరిదాకా చూసి పెదవి విరిచింది.

"దెయ్యమంటే ఎవురో ఒకరి మనిషే గదా నాయనా! ఏం కోరిక తీరక వచ్చిందో అడక్కుండా అందరూ అరిసేదేనా?"

తాత పోయి మూడేళ్లు. ఆఖరి చూపుకు కువైట్ నుంచి కొడుకు రాలేకపోయాడు. ఆయన మంచం వసారాలో అలాగే ఉంది.

మనవడు నిద్రపోయాక అవ్వ లేచి, వీధి తలుపు గడియ తీసిపెట్టింది. తెల్లారేదాకా కుక్క కూడా మొరగలేదు.