చుక్కకన్నా తక్కువ మందు



తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఎలుకల గజ్జితో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. కానీ మా హోసూరు వైపు, ఇంట్లో పెంచుకునే జంతువు గురించి వ్యాసం వ్రాయమంటే పిల్లల పుస్తకాలలో ఇప్పుడు ఆవు, కుక్కలతో పాటు గినీ పిగ్, హామ్‌స్టర్, తెల్ల ఎలుక కూడా కనబడుతున్నాయి. ఒక బోను, గుప్పెడు గింజలు ఉంటే చాలుననుకొని తెచ్చుకుంటారు. జబ్బు చేస్తే ఎవరిని అడగాలో తెలియదు. మాది పశువుల ఊరు. 1824లో నెలకొల్పిన పశుక్షేత్రం ఇక్కడే ఉంది. ఇటువంటి చోట ఎద్దుకూ గొర్రెకూ మందు సులభంగానే దొరుకుతుంది. అరచేతిలో ఇమిడే ప్రాణికి అదే మందును ఎంత కొలిచి ఇవ్వాలన్నదే చిక్కు.

ముందు ఒక మాట గురించి చెప్పాలి. ఒంటిమీద దురద పుట్టించేదాన్నంతా మనం 'గజ్జి' అని ఒకే మాటతో సరిపెడతాం. వాడుకకు అది చాలు కానీ, వైద్యానికి చాలదు. గినీ పిగ్ బొచ్చు రాలుతున్నదంటే అది చర్మాన్ని తొలిచే మైట్స్ వల్ల కావచ్చు. ఇవి కంటికి కనబడని ఎనిమిది కాళ్ళ జీవులు, సాలెపురుగుకు దూరపు చుట్టాలు. వెంట్రుకలను పట్టుకొని బ్రతికే మరో రకం మైట్స్ కావచ్చు. వాటి బాధ కొంత తక్కువ. పేలు కావచ్చు, తామర కావచ్చు. ఏ పురుగూ లేక, విటమిన్ సి లోపమూ కావచ్చు. గినీ పిగ్ శరీరం మనలాగే ఆ విటమిన్‌ను తయారు చేసుకోలేదు. రోజూ తిండిలోనే అందాలి. ముసలి హామ్‌స్టర్‌కు మైట్స్ విజృంభించాయంటే, లోపల మరో జబ్బు దాన్ని నీరసపరచిందేమోనని వైద్యులు వెతుకుతారు. అందుచేత మందు పేరు అడిగేముందు చర్మాన్ని గీచి సూక్ష్మదర్శిని క్రింద చూడమని అడగండి. తొలిచే రకం ఆ పరీక్షలోనూ ఒక్కొక్కసారి దొరకదు. అప్పుడు లక్షణాలను బట్టి వైద్యుడే నిర్ణయిస్తాడు.

నా తరగతిలో ఒక అమ్మాయి ఇంట్లో రెండు గినీ పిగ్‌లు ఉండేవి. మొదటిది వీపంతా పుండ్లు పడేలా గోక్కుంది. ఎత్తుకోబోతే వణికి, కాళ్ళు బిగుసుకొని, మూర్ఛ వచ్చినట్లు కొట్టుకుంది. మైట్స్ ముదిరితే దురద బాధకే అలా అవుతుందని నాకు తర్వాత తెలిసింది. ఆ స్థితిలో దాన్ని ముట్టుకోకుండా, వెలుతురూ చప్పుడూ లేనిచోట ఉంచి, వెంటనే వైద్యుణ్ణి చేరాలి. వాళ్ళు చేరేలోపలే అది పోయింది. రెండవది కూడా గోక్కోవడం మొదలుపెట్టాక ఆ అమ్మాయి తండ్రి పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్ సీసా పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. చీటీ మీద ఇంగ్లీషు చదివి చెప్పమన్నాడు. "ఆవుకు వేసేదే కదా అయ్యవారూ, దీనికి రెండు చుక్కలు చాలవా?" అన్నాడు.

ఆ చీటీ మీది లెక్కను మీ ముందూ పెడతాను. సీసాలోని మందు ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. 50 కిలోల పశువుకు 1 మిల్లీలీటరు, అంటే కిలోకు 0.2 మిల్లీగ్రాము. గినీ పిగ్‌కు వైద్యులు సాధారణంగా కిలోకు 0.2 నుండి 0.4 వరకు ఇస్తారు. మందు ఒకటే, కిలో లెక్కా దగ్గరదగ్గర ఒకటే. కానీ ఆ గినీ పిగ్ బరువు 700 గ్రాములు. ఎక్కువ మోతాదే తీసుకున్నా 0.28 మిల్లీగ్రాము, అంటే సీసాలోనుండి 0.028 మిల్లీలీటరు. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు ఉంటుంది. అంటే కావలసింది చుక్కలో సగానికి కొంచెం ఎక్కువ. ఆయన వేయబోయింది మూడింతలకు పైన. 100 గ్రాముల హామ్‌స్టర్‌కైతే 0.004 మిల్లీలీటరు కావాలి. దాన్ని ఇంట్లో ఏ సిరంజీతోనూ కొలవలేం. నీళ్ళు కలిపి పలుచన చేద్దామా అంటే ఈ మందు నీళ్ళలో సరిగా కలవదు. మొదటి చుక్కలో ఏమీ లేకుండా, చివరి చుక్కలో అంతా ఉండిపోవచ్చు. మోతాదు మించితే వణుకు, తూలుడు, స్పృహ తప్పడం, చావు. పసికూనలకూ చూలుతో ఉన్నవాటికీ వైద్యుడు చెప్పనిదే అసలు ఇవ్వకూడదు.

సీసా ఆయన చేతిలోనే ఉంచి, ఇద్దరం కలిసి బెంగళూరులో చిన్న జంతువులను చూసే పశువైద్యురాలి దగ్గరకు వెళ్ళాం. ఆమె గినీ పిగ్‌ను తూచి, తానే కొలిచి ఇచ్చింది. రెండు వారాల ఎడంతో మళ్ళీ రెండుసార్లు రమ్మంది. ఈ మందు పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. దురద తగ్గిందని రెండవసారి మానేసినవాళ్ళకు నెల తిరగకుండా జబ్బు మళ్ళీ వస్తుంది. సెలమెక్టిన్ అని మెడ వెనుక చర్మం మీద వేసే మందూ ఉంది. అదీ బరువు చూసి వైద్యులు నిర్ణయించవలసిందే.

ఇంటి వైద్యాల విషయంలో నేను మొహమాటపడను. పశువుల గోమార్లకు పల్లెలలో పొగాకు నీళ్ళు, కిరసనాయిలు పూస్తారు. చిన్న ప్రాణి ఒళ్ళంతా నాక్కుంటుంది, పూసినదంతా కడుపులోకే పోతుంది. బోనులో కలరా ఉండలు పెట్టడం అంతకన్నా ప్రమాదం. కుక్కల కోసం అమ్మే పొడులూ, మెడమీద వేసే మందులూ వద్దు. అన్నిటికన్నా భయపడవలసినది ఇంట్లో మిగిలిపోయిన అమాక్సిసిల్లిన్. పుండు మానుతుందని నోట్లో పోస్తే గినీ పిగ్‌కూ హామ్‌స్టర్‌కూ పేగులలోని మేలుచేసే క్రిములు నశించి, కొద్ది రోజులలోనే ప్రాణం పోవచ్చు.

మందు వేసిన రోజే పరుపుగడ్డి అంతా పారవేసి, బోనును వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాలి. దురద లేకపోయినా, తోడుగా ఉన్న ప్రాణులన్నింటికీ వైద్యం చేయించాలి.

ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా ఒకటి. ఆ వారాలలో తరగతిలో పిల్లలు ఆ అమ్మాయి బల్ల నుండి జరిగి కూర్చున్నారు. ఒకడు గజ్జి అని పేరు కూడా పెట్టాడు. ఆమె చేతిమీద నాలుగు ఎర్రని పొక్కులు ఉన్న మాట నిజమే. గినీ పిగ్ మైట్స్ మనిషి ఒంటిమీద కాపురం పెట్టలేవు. జంతువుకు నయమైతే పొక్కులూ పోతాయి. తామర అయితే మాత్రం మనుషులకు అంటుతుంది, దానికి డాక్టరుకు చూపించాలి. నేను బల్లమీద సూక్ష్మదర్శిని పెట్టి, వైద్యురాలు ఇచ్చిన గాజుపలకను పిల్లలందరికీ చూపించాను. పేరు పెట్టినవాడే ముందు వరుసలో నిలబడి, ఎన్ని కాళ్ళో లెక్కపెట్టాడు.

మూడవ మోతాదు నాటికి వీపు మీద కొత్త బొచ్చు మొలిచింది. ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి ఆదివారం వంటింటి తూకంలో దాన్ని కూర్చోబెట్టి, బరువు తెలుగు అంకెలలో వ్రాసుకుంటోంది. ఇంతవరకు ౭౪౦ గ్రాములు.