కొత్తనీరు

కొత్తనీరు వచ్చి పాతనీటిని కొట్టుకొనిపోవడం లోకసహజం. ఆ కొత్తనీటిలో చేప పడే పాట్లను నేను ఒక గాజుతొట్టి వద్ద తెలుసుకున్నాను.

మా హసన్‌పర్తి సముద్రానికి బహుదూరం. అయినా ముచ్చటపడి ఇంట్లో ఉప్పునీటి తొట్టి అమర్చి, రెండు క్లౌన్ చేపలను పెంచాను. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఒకనాడు తొందరలో, కొలత చూడకుండానే ఉప్పు కలిపి, సగం నీటిని ఒక్కసారిగా మార్చాను. తొట్టి తళతళ మెరిసింది. చేపలు మాత్రం రాయి చాటున నక్కాయి. వాటి రంగు వెలిసింది. మొప్పలు వేగంగా కొట్టుకున్నాయి. మేత వేసినా కదలలేదు.

మా తాత ఊరి చెరువులో వల వేసిన మనిషి. తొట్టిలోకి తొంగిచూసి, "తొలకరికి కొత్తనీళ్ళొస్తే చెరువు చేప ఎదురెక్కుతది బిడ్డా! పడని నీళ్ళయితే పక్కకు తప్పుకుంటది. ఈ గాజుపెట్టెల అది యాడికి పోతది?" అన్నాడు.

ఆ మాట గుండెకు తగిలింది. సముద్రపు చేప దేహం నిరంతరం నీటిని కోల్పోతూ, ఉప్పునీరు తాగి ఆ లోటును పూడ్చుకుంటుంది. ఉప్పు హఠాత్తుగా పెరిగితే ఆ సమతూకం చెదిరిపోతుంది. క్లోరిన్ లేని మంచినీటిని కొద్దికొద్దిగా కలుపుతూ రాత్రంతా మేల్కొన్నాను. తెల్లవారేసరికి ఒక చేప ఈదింది; రెండవది మరి కదలలేదు.

నాటినుండి ముందురోజే నీటిని సిద్ధపరచి, ఉప్పూ వేడిమీ సరిచూసి, పదోవంతు మాత్రమే మారుస్తున్నాను. మిగిలిన చేప ఇప్పుడు నా చేతిని చూసి దాక్కోదు, ఎదురువస్తుంది. తప్పుకొనే దారిలేని ప్రాణికి మార్పు మెల్లగా రావాలి. ఆ బాధ్యత నీరు మార్చే చేతిదే.