గుంటూరు డాక్టర్ సిస్టరమ్మ

పొద్దున పది గంటల వేళ గుంటూరు సెయింట్ జోసఫ్ ఆసుపత్రికి వెళ్తే చరిత్ర చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఓపీ చీటీల దగ్గర వరస కదలడం లేదు. తొలి బస్సుకు వచ్చినవాళ్లు, చంకలో పిల్లలు, ప్లాస్టిక్ సంచుల్లో పాత స్కానింగ్ రిపోర్టులు. నేను కలవాల్సిన జె.ఎం.జె. సభ సిస్టర్ గారు పెద్దావిడ. “కాసేపు కూర్చోండమ్మా, రౌండ్స్ అవ్వగానే వస్తా” అని వెళ్లిపోయారు. పక్కన కూర్చున్న ముసలమ్మ మనవరాలి కాన్పుకు వచ్చిందట. “నా కాన్పులూ ఇక్కడేనమ్మా, నా కూతురివీ ఇక్కడే” అంది. మొదటి డాక్టరమ్మ ఎవరో తెలుసా అంటే, “ఎవరో దొరసాని అనేవోళ్లు” అని తల తిప్పుకుంది. ఆమె ధ్యాసంతా లేబర్ రూము తలుపు మీదే ఉంది.

ఆ దొరసాని పేరు డాక్టర్ మేరీ గ్లౌరీ. 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టింది. 1910లో మెల్‌బోర్న్ యూనివర్సిటీ నుంచి వైద్య పట్టా తీసుకుంది. ఊళ్లో పెద్ద డాక్టర్లంతా ఉండే కాలిన్స్ స్ట్రీట్‌లో ప్రాక్టీసు పెట్టింది. 1915లో ఒకరోజు పూజ ముగిశాక ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. స్కాట్లండ్ డాక్టర్ ఆగ్నెస్ మెక్‌లారెన్ గురించిన పుస్తకం అది. మగ వైద్యుడి ఎదుటికి రాలేక కాన్పుల్లో చనిపోతున్న ఆడవాళ్ల కోసం రావల్పిండిలో ఆసుపత్రి పెట్టించింది మెక్‌లారెన్. ఇండియాకు కాథలిక్ లేడీ డాక్టర్లు కావాలన్నది ఆ పుస్తకం సారాంశం. గ్లౌరీ వెంటనే ఓడ ఎక్కలేదు. అవతల యుద్ధం నడుస్తోంది. అక్కడే ఉండి ప్రసూతి, స్త్రీ వ్యాధులు, కంటి వైద్యంలో 1919లో ఎం.డి. చేసింది. 1920 ఫిబ్రవరిలో గుంటూరులో దిగింది. చదువు ముగించుకునే బయల్దేరిన ఆ ఓపిక నాకు నచ్చింది.

ఆమె త్యాగం అనగానే అందరూ కాలిన్స్ స్ట్రీట్ సంపాదన వదులుకోవడం గురించే చెబుతారు. నా దృష్టిలో అది చిన్న సంగతి. సొంత దేశం వదిలి మిషనుకు వచ్చిన డాక్టర్లు ఇంకా ఉన్నారు. ఇదే గుంటూరులో అమెరికన్ లూథరన్ మిషను డాక్టర్ అన్నా కుగ్లర్ 1883 నుంచి పనిచేస్తోంది. 1898లో ఆమె తెరిచిన ఆసుపత్రిని ఊరంతా ఇప్పటికీ కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. కానీ కుగ్లర్‌కు లేని అడ్డంకి గ్లౌరీకి ఉంది. ఆమె చేరదలచింది 1904 నుంచి గుంటూరులో ఉన్న ఈ జె.ఎం.జె. డచ్ కన్యాస్త్రీల సభలో. కన్యాస్త్రీలు వైద్యవృత్తి చేయకూడదని, కాన్పులు అసలే చేయకూడదని ఆనాటి తిరుసభ కట్టడి. అంటే కన్యాస్త్రీగా మాటపట్టు ఇచ్చిన రోజున స్టెతస్కోపు దింపేయాలి. ఏ పని కోసం దేశం దాటి వచ్చిందో సరిగ్గా ఆ పనికే అడ్డం! పోపు 15వ బెనడిక్టు ఆమెకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు కాబట్టి ‘సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్’ డాక్టరుగానే మిగిలింది. కన్యాస్త్రీలందరికీ రోము ఆ తలుపు తీసింది 1936లో. అప్పటికి ఈ సిస్టరమ్మ ఇక్కడ ఏళ్ల తరబడి కాన్పులు చేస్తూనే ఉంది.

రౌండ్స్ ముగించుకుని వచ్చిన సిస్టర్ గారు టీ తెప్పించారు. “నేను మదర్ గ్లౌరీ గారిని చూడలేదమ్మా. చూసిన పెద్ద సిస్టర్ల దగ్గర విన్నాను” అని ముందే చెప్పేశారు. ఆ నిజాయితీకి సంతోషించాను. ఇలాంటి చోట్ల చూడనివాళ్లే ఎక్కువ చెబుతుంటారు. ఆవిడ గొప్పతనం ఎక్కడుందంటారు అని అడిగాను. ప్రార్థన గురించి చెబుతారనుకున్నాను. “మనుషుల్ని తయారుచేయడంలో” అన్నారు. ఏళ్లపాటు ఈ ఆసుపత్రికి ఆవిడొక్కరే డాక్టరు. వేలల్లో వచ్చే జనానికి రెండు చేతులు ఏ మూలకు? తెలుగు నేర్చుకుని, ఇక్కడి ఆడపిల్లలకే మందులు కలపడం, కాన్పు చేయడం, రోగిని కనిపెట్టుకుని ఉండడం నేర్పారు. నాటు మూలికల గుణాలూ తెలుసుకున్నారు.

ఆ ఆలోచనే 1943లో పెద్దదయింది. ఆవిడ చొరవతో 16 మంది సిస్టర్లు గుంటూరులో కూడి కాథలిక్ ఆసుపత్రుల సంఘాన్ని మొదలుపెట్టారు. సికిందరాబాదు కేంద్రంగా నడిచే ఆ సంఘంలో ఇవాళ 3,000కు పైగా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. కాథలిక్కులకంటూ ఒక మెడికల్ కాలేజీ ఉండాలని కూడా ఆవిడ పట్టుబట్టారు. బెంగళూరులో సెయింట్ జాన్స్ తెరిచేసరికి 1963 వచ్చింది. ఆవిడ 1957 మే 5న అదే ఊళ్లో కన్నుమూశారు. వచ్చిన 37 ఏళ్లలో సొంత దేశానికి ఒక్కసారీ తిరిగి వెళ్లలేదు.

2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. పునీతురాలు కావాలంటే ఆమె ప్రార్థన వల్ల అద్భుతాలు జరిగినట్టు తేలాలి. ఎవరో చెబితే చాలదు, వైద్య రికార్డులన్నీ డాక్టర్ల ముందు పెట్టాలి. ఆ పద్ధతి మీకు కష్టమనిపించదా అని సిస్టర్ గారిని అడిగాను. ఆవిడ నవ్వారు.

“మదర్ గారైనా ముందు కేస్ షీటే అడిగేవారమ్మా” అంటూ లేచారు. లేబర్ రూము నుంచి అప్పటికి రెండుసార్లు కబురొచ్చింది.