దీనికేం పెడ్తరు?

మా డాబా మీద వీనస్ ఫ్లైట్రాప్ కుండీ చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే. "చికెన్ పెడితే తింటదా?" తినదు. పెడితే ఆ ఆకు కుళ్ళిపోతుంది. రెండో ప్రశ్న, "ఇది ఇంట్ల ఉంటే దోమలు పోతయా?" పోవు. దాని నోటికి చిక్కేది వారానికో ఈగ, ఎప్పుడన్నా ఒక సాలీడు. దోమల సంగతికి బ్యాటే దిక్కు. ఈ రెండు జవాబులూ విన్నాక సిద్దిపేటలో ఎవరైనా నా వైపు ఒక చూపు చూస్తారు. మరి దేనికి పెంచుతున్నట్టు, అని.

అది లెక్కపెట్టగలదు కాబట్టి, అని చెప్తాను. నిజంగానే. ఆకు రెండు రెప్పల లోపల సన్నటి వెంట్రుకలుంటాయి, సాధారణంగా ఒక్కో వైపు మూడు. ఒకసారి తగిలితే కదలదు. ఎండుటాకో వానచినుకో అయి ఉండొచ్చు. ఇరవై సెకన్లలోపు రెండోసారి తగిలితే రెప్పపాటులో మూసుకుంటుంది. లోపల పురుగు కొట్టుకుంటుంటే ఆ తాకిళ్ళనూ లెక్కిస్తుంది, ఐదు దాకా వస్తేగానీ అరిగించే రసాలు బయటికి రావు. జర్మనీలో వర్ట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ఈ లెక్కను తేల్చారు. అందుకే చచ్చిన ఈగను పెడితే మూసుకుంటుంది గానీ, కదలిక లేదని ఒకట్రెండు రోజుల్లో తెరిచేస్తుంది. తినిపించాలంటే మూసుకున్న ఆకును బయటినుంచి మెల్లగా నొక్కుతుండాలి, ఈగ ఇంకా బతికే ఉందని నమ్మించాలి. అన్నం తినని పిల్లకు చందమామను చూపించడం లాంటిదే. ఉత్తినే వేలు పెట్టి మూయించడం మాత్రం దానికి దండగ. ఒక్కో ఆకు కొన్నిసార్లే మూసుకోగలదు, ఆ తర్వాత ఎండిపోతుంది. మా అక్క కొడుకు "చిన్నమ్మా, ఒక్కసారి" అంటూ ఒక్క ఆదివారం నాలుగు ఆకులకు ముగింపు పలికాడు.

అసలు పేచీ తిండి దగ్గర కాదు, నీళ్ళ దగ్గర వస్తుంది. ఈ మొక్క పుట్టిల్లు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాల తీరప్రాంతం. అక్కడి నేలలో నత్రజని దాదాపు లేదు. అన్ని మొక్కల్లాగే ఇదీ ఎండతోనే తన తిండి తాను చేసుకుంటుంది. పురుగు దాని ఆకలికి కాదు, నేలలో దొరకని ఆ నత్రజనికి. వేర్లు బీదనేలకు అలవాటుపడ్డవి. ఎరువు వేసినా, ఉప్పునీళ్ళు పోసినా మాడిపోతాయి. మా బోరు నీళ్ళు పోస్తే బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది, అది పనికిరాదు. నల్లా నీళ్ళు మనకు అమృతమే గానీ దీనికి పడవు. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న ప్రధాని ప్రారంభించింది మా జిల్లాలోని కోమటిబండలోనే. బోరింగు దగ్గర బిందెలతో వరుస కట్టిన తరం మా అమ్మది. "భగీరథ నీళ్ళు గుడ ఆనవా ఈ మారాణికి?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. వానాకాలం డాబా నీళ్ళు రెండు డ్రమ్ముల్లో పడతాను. ఎండాకాలం ఏసీ పైపు కింద బకెట్. నలభై రెండు డిగ్రీల మే నెలలో ఏసీ మా కోసం నడుస్తోందా, మొక్క కోసమా అని బాపు వెటకారం.

బాపుకు షుగరొచ్చి పదకొండేళ్ళు. మూడేళ్ళ కింద కుడికాలి చిటికెన వేలు తీసేశారు. అన్నం పూటకు ఒక చిన్న కప్పు, మిగతాది జొన్నరొట్టె, కూరగాయలు అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అమ్మ ఆ కప్పుతోనే పెడుతుంది. ఆ తర్వాత "ఇంకో బుక్క" పెడుతుంది. దాని తర్వాత పెరుగులోకి అని మరింత. నేను గట్టిగా అంటే, "ముప్పై ఏండ్లు పొలంల గొడ్డులెక్క చేసిన మనిషికి కప్పు అన్నం పెట్టుమంటవా?" అంటుంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళింట్లో మక్కగటుక, జొన్నగటుకే. వరి అన్నం పండుగలకు, చుట్టాలొస్తే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక రోజూ తెల్లన్నం చూశామని చెప్తుంది. అలాంటి మనిషికి, జొన్నరొట్టె మందు అనీ తెల్లన్నం విషం అనీ చెప్పడం ఎలాగో నాకిప్పటికీ తెలియదు. డాక్టరు చెప్పింది ఆమెకు అర్థం కాక కాదు. మా ఇళ్ళల్లో "తిన్నవా?" అన్నదే పలకరింపు. ప్రేమకు ఇంకో మాట లేదు.

పోయిన శ్రావణంలో రెండు రోజులు హైదరాబాద్ వెళ్ళొచ్చేసరికి ఫ్లైట్రాప్ కుండీలో పెండ ఎరువుంది. గులాబీలకు వేస్తూ దీనికీ రెండు పిడికిళ్ళు వేసింది అమ్మ. "ఎండిపోయినట్టున్నది, పాపమనిపిచ్చింది." వేర్లు కడిగి మట్టి మార్చాను. అయినా పది రోజుల్లో ఆకులు ఒక్కొక్కటే నల్లబడ్డాయి. అమ్మ రోజూ పైకొచ్చి చూసేది. చివరి ఆకు పోయిన రోజు, "మంచి జేస్తే సస్తదా ఏదన్నా?" అంది. నన్ను కాదు, కుండీని అడిగినట్టు. బాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "నా లెక్కనే ఉన్నది. మంచి తిండి పడ్తలేదు," అన్నాడు.

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ, ఈ పోలిక నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. మొక్కది జబ్బు కాదు, స్వభావం. బాపు లేమిలో పెరిగాడు నిజమే, కానీ లేమి ఎవరి స్వభావమూ కాదు. అయినా ఆ మాట అమ్మకు మాత్రం తగిలింది. వారం రోజులు "ఇంకో బుక్క" అనలేదు. ఎనిమిదో రోజు అంది.

కొత్త మొక్క తెప్పించాక, దీనికి అసలు తిండి పెట్టాలా వద్దా అని ఈసారి అమ్మే అడిగింది. డార్విన్ ఇంట్లో కూడా ఇదే ప్రశ్న నడిచింది. ఆయన 1860లో మిత్రుడు లయెల్‌కు రాసిన ఉత్తరంలో, లోకంలోని జాతులన్నిటి పుట్టుక కంటే తనకు డ్రోసిరా మొక్కే ఎక్కువ పట్టిందన్నాడు. దాని ఆకుల మీద వేయించిన మాంసం, పాలు, గుడ్డు తెల్లసొన పెట్టి చూసి, 1875లో పుస్తకమే వేశాడు. అయితే తిండి వల్ల మొక్కకు లాభమేమిటో తేల్చింది కొడుకు ఫ్రాన్సిస్. పళ్ళేల్లో డ్రోసిరాలు పెంచి, మధ్యలో అడ్డుపెట్టి, ఒక వైపు వాటికే మాంసం ముక్కలు పెట్టాడు. పెట్టనివి చావలేదు. పెట్టినవాటికి మాత్రం పూకాడలు ఎక్కువ, గింజలు ఇంకా చాలా ఎక్కువ. ఇదంతా చెప్తే అమ్మ, "అయితే పిల్లల కోసం తింటదన్నట్టు," అని తేల్చేసింది. ఫ్రాన్సిస్ వ్యాసాన్ని ఇంతకంటే పొట్టిగా నేను చెప్పలేను.

డ్రోసిరా కోసం ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు. మా ఊరి కుంట వెనక, వానలు వెనకబట్టినప్పుడు, తడి ఇసుకలో రూపాయి బిళ్ళంత ఎర్రటి పువ్వుల్లా పరుచుకుని ఉంటాయి. వంగి చూస్తే అవి పువ్వులు కావు, ఆకులు. ప్రతి ఆకు చుట్టూ జిగురుబొట్లు, వాటిలో చీమలు. కుంటలో నాచు అనుకుని మేము చిన్నప్పుడు కర్రతో లాగి పారేసిన పచ్చపూల తీగ యుట్రిక్యులేరియా. వేరు లేదు. నీళ్ళలో ఆవగింజల్లాంటి తిత్తులుంటాయి, వాటి తలుపు తెరుచుకుని నీటిపురుగును లోపలికి పీల్చడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఇంటర్ బోటనీలో ఈ రెండు పేర్లూ బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నాను. అవి మా కుంటవే అని ఎవరూ చెప్పలేదు. బాపును బండి మీద తీసుకెళ్ళి చూపిస్తే, "ఇవా? బర్లు తొక్కేటియి," అన్నాడు. కానీ చాలాసేపు కూర్చున్నాడు. పొలాల యూరియా నీళ్ళు ఒక పక్కనుంచి కుంటలోకి దిగుతాయి. ఆ పక్క గడ్డి ఏపుగా ఉంది, డ్రోసిరా ఒక్కటీ లేదు.

చలికాలం ఫ్లైట్రాప్‌కు నిద్ర కావాలి, మూడు నెలల చల్లదనం. మా డిసెంబరు చలి దానికి చాలదనిపించి దుంపను తడినాచులో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను, అల్లం వెల్లుల్లి డబ్బా పక్కన. అమ్మ ఏమీ అనలేదు. తలుపు తీసినప్పుడల్లా దాన్ని తడిమి చూసేది.

ఈ జూన్‌లో మొదటి పెద్దవాన పడ్డ రాత్రి వాకిట్లో బల్బు కింద ఉసిళ్ళు లేచాయి. ఫ్లైట్రాప్‌కు అంతకంటే మంచి మేత లేదు, మెత్తటివి. అమ్మ వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి బల్బు కింద పెట్టింది. వాళ్ళ చిన్నప్పుడు ఇలాగే పట్టి, రెక్కలు చెరిగి, పెంక మీద వేయించి, ఉప్పూ కారం చల్లుకుని తినేవాళ్ళట. నేను మూడు ఉసిళ్ళు మొక్కకు ఏరుకున్నాను. అమ్మ నాలుగోది నా అరచేతిలో పెట్టబోయి, ఆగి, "మూడు సాలు గదా?" అని అడిగింది.

"మిగిలినయి ఏంచు," అన్నాడు బాపు గడపలో నిలబడి. "వీటిల షుగరుండదు."

అమ్మ నా మొహం చూసింది. నేను తలూపాను. పెంక కోసం లోపలికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.