కాళ్లు నిలువని వేళ

హాలోపెరిడాల్ వంటి మనోరోగపు మందులు సేవించువారిలో కొందరికి కలుగు అశాంతి కేవల మనోవ్యాకులత కాదు. అన్నము ముందు కూర్చుండి, రెండవ ముద్దకే లేచి, వరండాలో పచార్లు చేయవలసివచ్చును. ఈ మందులు పుట్టుటకు అర్ధశతాబ్ది పూర్వమే, 1901లో, హాష్కోవెత్స్ అను చెక్ వైద్యుడు ఇట్టి స్థితిని వర్ణించెను. ఇట్టి అశాంతి గలవానిని కదలక కన్నులు మూసి ధ్యానింపుమనుట, నా దృష్టిలో, క్రౌర్యమే. నడచుచునే ఉచ్ఛ్వాసముకంటె నిశ్వాసమును దీర్ఘముగా విడుచుటయు, జేకబ్సన్ పద్ధతిలో పిక్కలను బిగించి మెల్లగా సడలించుటయు కొంత ఊరట నొసగవచ్చును. అయినను మూలము మందులోనున్నది గనుక మోతాదు తగ్గించుటయో, ప్రొప్రనొలాల్ చేర్చుటయో వైద్యుడే నిర్ణయింపవలెను. మనంతట మనము మందు మానరాదు. వైద్యునితో మాత్రము "గాబరాగా ఉన్నది" అనక "కూర్చుండలేకున్నాను" అని చెప్పుడు. లేనిచో రోగమే ముదిరెనని తలచి మోతాదు పెంచు ప్రమాదము కలదు.