లమ్‌పాంగ్ దారిలో

మాది హోసూరు. కన్నడంలో 'హొస ఊరు' అంటే కొత్త ఊరు. తమిళనాడులో ఉన్న ఊరికి కన్నడం పేరు, ఆ పేరు పలికే నోళ్ళలో చాలా వాటిది తెలుగు. ఈ తిరకాసు మన పత్రిక పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు. బరంపురంలోనో, బళ్ళారిలోనో, మదురలోనో మీ తిరకాసు మీకు ఉండనే ఉంటుంది.

ఆ మధ్య పనిమీద ఉత్తర థాయిలాండులో ఆరు వారాలు ఉన్నాను. మా ఊరి సిప్‌కాట్‌లో తయారైన యంత్రాలను లమ్‌ఫూన్ పారిశ్రామిక వాడలో బిగించి, అక్కడివాళ్ళకు నడపడం నేర్పి రావాలి. బస మాత్రం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న చియాంగ్ మైలో. ఆ పేరుకు అర్థమేమిటని అక్కడి ఇంజినీరును అడిగాను. "చియాంగ్ అంటే కోట ఉన్న నగరం, మై అంటే కొత్త" అన్నాడు. మంగ్రాయ్ అనే రాజు 1296లో కట్టించాడట. ఏడు వందల ఏళ్ళు దాటినా ఇంకా కొత్త ఊరే! మా ఊరి పేరుకూ అదే అర్థమని చెప్పేసరికి అతను పడీపడీ నవ్వాడు. మా స్నేహం అక్కడ కుదిరింది. నాకంటే పదేళ్ళు చిన్నవాడు కాబట్టి నన్ను 'పీ' అనేవాడు, అంటే పెద్దవాడు, మన 'అన్నా' వంటిది. నేను 'నోంగ్' అనేవాణ్ణి, తమ్ముడని.

ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం, "పీ, రేపూ ఎల్లుండీ సెలవే కదా. లమ్‌పాంగ్ దగ్గర మా అమ్మ ఉంది, వెళ్ళొద్దాం రండి. తొందరేమీ లేదు, ఆగుతూ ఆగుతూ పోదాం" అన్నాడు. హోటల్ గదిలో కూర్చుని గోడలు చూడడంకంటే మేలు గదా అని బయల్దేరాను.

రోజూ మేం ఫ్యాక్టరీకి వెళ్ళేది వెడల్పాటి పెద్ద రోడ్డుమీద. ఆ రోజు అతను కారును పాత లమ్‌ఫూన్ రోడ్డులోకి తిప్పాడు. నూటారో నంబరు రోడ్డు అది. సారఫీ అనే ఊరి పొడవునా రోడ్డుకు రెండు పక్కలా 'యాంగ్' చెట్లు. నూరేళ్ళు దాటినవి, తాటిచెట్టు కంటే ఎత్తు, కొమ్మలు ఎక్కడో ఆకాశంలో మొదలవుతాయి. ప్రతి చెట్టుకూ నంబరు బిళ్ళ, మొదలు చుట్టూ కాషాయం గుడ్డ. చెట్టుకు సన్యాసం ఇప్పించారన్నమాట. భిక్షువును నరికే పాపానికి ఎవరు ఒడిగడతారు? మా హోసూరు దారిలో చింతచెట్లకు ఇట్లా గుడ్డలు కట్టాలని ఎవరికీ తోచలేదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు అవి పోయాయి. లమ్‌ఫూన్ పొలిమేర దాటగానే యాంగ్ చెట్లు ఆగిపోయి సీమ తంగేళ్ళు మొదలవుతాయి. ఏ ఊరి చెట్లు ఆ ఊరివి.

లమ్‌ఫూన్ పాత పేరు హరిపుంజయ. వాళ్ళ నోట అది హరిపున్‌చాయ్. చామదేవి అనే రాణి ఏలిన ఊరని చెబుతారు. ఆమెది మోన్ జాతి. ఊరి నడుమ బంగారు రేకు తొడిగిన పెద్ద చైత్యం ఉంది. గుడి పేరు రాసిన బోర్డు దగ్గర నేను ఆగిపోయాను. థాయి అక్షరాల పైన ఇంకో వరస అక్షరాలు ఉన్నాయి. గుండ్రంగా, ముద్దగా, మనవాటిలాగే. అంతకంటే వింత, అక్షరం కింద అక్షరం వేలాడుతోంది, మన ఒత్తు మాదిరి! థాయి రాతలో ఒత్తులుండవు, అక్షరాలన్నీ వరసగా పక్కపక్కనే కూర్చుంటాయి.

"ఇది మా లాన్నా రాత. మోన్‌ల దగ్గర నుంచి వచ్చింది" అన్నాడు మిత్రుడు.

మోన్‌ల రాతకు మూలం దక్షిణ భారతపు పాత లిపి, మన తెలుగు-కన్నడ లిపికీ మూలం ఆ వైపుదే. కాబట్టి ఈ అక్షరాలు మనకు దూరపు దాయాదులు. బర్మాలో మోన్‌లను పూర్వం 'తలైంగ్' అనేవారు. అది తెలింగ నుంచి వచ్చిందని కొందరు పండితులు, కాదని కొందరు. మనవాళ్ళకు ఇట్లాంటి మాట ఒకటి దొరికితే ప్రపంచమంతా మనదే అంటారు. నేనా తగువులోకి పోను.

"ఏమి రాసుంది?" అన్నాను.

"కింద థాయిలో ఉన్నదే పైనా ఉండాలి. నాకు చదవడం రాదు" అన్నాడతను, మామూలుగా.

అక్కడ నుంచి కారులో మా మాటలన్నీ దీనిమీదే. వాళ్ళింట్లో మాట్లాడేది బ్యాంకాకు భాష కాదు, 'కమ్ మువాంగ్'. మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు, మాటకు ఢోకా లేదు. ఒకప్పుడు ఇది వేరే రాజ్యం. లాన్నా అంటే పది లక్షల వరిమళ్ళని అర్థం. సయాం దీన్ని తనలో కలుపుకున్న తరువాత, 1921లో నిర్బంధ ప్రాథమిక విద్య చట్టం వచ్చింది. బడి అంటే బ్యాంకాకు భాష, బ్యాంకాకు రాత. 1939-42 మధ్య జాతీయ సంస్కృతి శాసనాలు వచ్చి, పౌరులందరికీ థాయి భాష, థాయి రాత నేర్వడం ధర్మమన్నాయి. అంతకు ముందు లాన్నా రాత నేర్పేది గుళ్ళలో, సామణేరులుగా చేరిన మగపిల్లలకు. పిల్లలు బడికి మళ్ళాక గుడి చదువు పలచబడింది. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో, కొన్ని గుళ్ళలో ఇష్టపడినవాళ్ళు నేర్చుకుంటారట.

"బోర్డులమీద మాత్రం అందంగా రాయిస్తున్నారు" అన్నాడు.

బోర్డు ఉండడం మంచిదే. కానీ చదివేవాడు లేకపోతే అక్షరానికీ ముగ్గుకూ తేడా ఏముంది? ఈ మాట అతనితో అనలేదు. నా మాట కూడా అడిగాడు గనక చెప్పాను: మా వైపు 2006లో తమిళాన్ని ఒకటో తరగతి నుంచి తప్పనిసరి పాఠం చేస్తూ చట్టం వచ్చిందనీ, అది ఏటా ఒక్కో తరగతి పైకెక్కిందనీ, నేను చదివిన తెలుగు బడి మాదిరి బళ్ళు తగ్గిపోతున్నాయనీ. ఇంట్లో మాట ఉంది, పలక పోతోంది.

"మీకు చదవడం వచ్చు కదా పీ?"

"నాకు వచ్చు. నా అన్న మనవడికి రాదు."

ఇంకా సరదా సంగతులూ మాట్లాడుకున్నాం. బ్యాంకాకువాళ్ళు 'రావ్' అంటే, అంటే 'మనం', వీళ్ళు 'హావ్' అంటారు. ప్రేమ అక్కడ 'రక్', ఇక్కడ 'హక్'. మన 'పాలు' కన్నడానికి పోయి 'హాలు' అయినట్టు, 'పులి' 'హులి' అయినట్టు. ఇది చెబితే అతను స్టీరింగుమీద చెయ్యి కొట్టి, దారి పొడవునా 'పాలు, హాలు' అని వల్లెవేశాడు. ఖున్ తాన్ కొండల కనుమ ఎక్కేటప్పుడు రోడ్డు పక్కనున్న దేవుడి గుడికి హారన్ కొట్టి దణ్ణం పెట్టాడు. మన కనుమల్లో మునీశ్వరుడి దగ్గర లారీవాళ్ళు ఆగడం గుర్తొచ్చింది.

మధ్యాహ్నం ఒక పాకలో భోజనం. వెదురు బుట్టలో జిగటన్నం, ఉడికించిన కూరగాయలు, 'నమ్ ఫ్రిక్ నుమ్' అనే పచ్చడి. పచ్చిమిరపకాయలు, చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి నిప్పులమీద కాల్చి రోట్లో దంచినది. ఇంక నాకు వేరే ఏం కావాలి? జిగటన్నాన్ని వేళ్ళతో ఉండ చేసి పచ్చడిలో అద్దుకుని తినాలి. రాగిముద్ద తిన్న చేతికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. బ్యాంకాకు భాషలో 'అరోయ్' అంటే రుచిగా ఉందని. మిత్రుడు వద్దని, "'లమ్ తే తే' అనండి" అన్నాడు. అన్నాను. వంటావిడ ముఖం విప్పారి, పచ్చడి ఇంకో గరిటె వేసింది. పరాయివాడు మన ఇంటి మాట ఒక్కటి అంటే ఎంత పని జరుగుతుందో మనకు తెలియనిది కాదు.

సాయంత్రానికి లమ్‌పాంగ్. ఈ ఊళ్ళో ఇంకా గుర్రబ్బండ్లు తిరుగుతున్నాయి. 1916లో రైలు ఇక్కడిదాకా వచ్చింది. టేకు వ్యాపారం జోరుగా ఉన్న రోజుల్లో బర్మావాళ్ళూ చీనావాళ్ళూ వాంగ్ నది ఒడ్డున కట్టుకున్న చెక్క మేడల మధ్య శని, ఆదివారాల్లో రాత్రి సంత జరుగుతుంది. కోడిపుంజు బొమ్మ వేసిన పింగాణీ గిన్నెలు ఆ ఊరి సొమ్ము. నాలుగు కొన్నాను. ఊరికి చేరేసరికి మూడు మిగిలాయి.

రాత్రి మిత్రుడి అమ్మగారింట్లోనే పడుకున్నాం. కో ఖా దగ్గర పల్లె. ఆమెకు డెబ్భై దాటాయి. నేను ఇండియావాణ్ణనగానే లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టిన ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన దళసరి కాగితం, మడతలు మడతలుగా తెరుచుకుంటుంది. 'పప్ సా' అంటారు. వాళ్ళ నాన్న రాసుకున్నది. మిత్రుడు తర్జుమా చేశాడు: "ఈ అక్షరాలు మీ దేశం నుంచి వచ్చాయని విన్నదట. మీరు చదవగలరా అని అడుగుతోంది."

చూశాను. గుండ్రని అక్షరాలు, కింద ఒత్తులు. ఏదో ఒకటి తెలిసినట్టే ఉంటుంది, దగ్గరికి పోతే ఏదీ తెలియదు. తల అడ్డంగా ఊపాను. ఆమె నొచ్చుకోలేదు. నాన్న చదువుతుంటే చూసేదట గానీ, ఆడపిల్లలకు గుడిలో నేర్పరు కదా. ఆయన పోయినప్పటి నుంచీ ఆ పుస్తకం అల్మరాలో ఉంది. పండగకు తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ చుట్టి పెడుతుందట.

ఆదివారం పొద్దున ముగ్గురం లమ్‌పాంగ్ లువాంగ్ గుడికి వెళ్ళాం. పాత టేకు స్తంభాల మండపం, ఇటుక ప్రాకారం. అందులో ఒక చిన్న చీకటి గది ఉంది. తలుపు మూస్తే, సన్నని సందులోంచి వెలుతురు వచ్చి బయటున్న బంగారు చైత్యం తెల్లగుడ్డమీద తలకిందులుగా పడుతుంది. ఎవరూ గీయని బొమ్మ, ఎండ ఉన్నంతసేపూ ఉంటుంది. ఆ గదిలోకి ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. అమ్మగారు బయట అరుగుమీద కూర్చుంది. నాకు అదేం బాగనిపించలేదు.

తిరిగి వస్తూ వాళ్ళ పల్లె గుడి దగ్గర ఆగాం. అక్కడ ఒక ముసలాయన ఉన్నాడు. భిక్షువుగా ఉండి సంసారంలోకి వచ్చినవాణ్ణి ఆ వైపు 'నాన్' అని గౌరవంగా పిలుస్తారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకం తెరిచి, వేలు కింద పెట్టి చదవసాగాడు. మొదట దగ్గు మందు. ఖింగ్ అంటే అల్లం. తరువాతి మాట 'దీప్లీ'. అదేమిటంటే మిత్రుడు ఫోనులో బొమ్మ చూపించాడు. చూడబోతే మన పిప్పళ్ళ మాదిరివే! మా అవ్వ తేనెలో నూరి నాకించిన మందుకు సాటి మందు. అమ్మగారు తల ఊపుతోంది. అది ఆమె తాగినదే.

తరువాతి మడతలో మందులు లేవు, లెక్కలున్నాయి. ఏదో ఏడు ఒక గేదెను అమ్మిన సంగతి, అమ్మిన ధర. ముసలాయన ధర చదివాడు. అమ్మగారు మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాడు. ఆమె మోకాలిమీద కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా. ఆ గేదెను చిన్నప్పుడు తనే మేపిందట. వాళ్ళ నాన్న అమ్మొచ్చి వాళ్ళమ్మ చేతిలో పెట్టిన సొమ్ము, రాసుకున్న దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ! మిగతాది కోడిపందేలకు పోయి ఉంటుందని ఆమె అనుమానం. వాళ్ళమ్మకు ఆ అనుమానం చచ్చేదాకా ఉందట. రుజువు మాత్రం అరవై ఏళ్ళు అల్మరాలోనే ఉంది. పెద్దమనిషి దాచనైనా లేదు, ఉన్నదున్నట్టు రాసి ఎదురుగా పెట్టాడు. ఇంట్లో ఎవరికీ అక్షరం రాదని ఆయనకు తెలుసు.

"మా అమ్మకు ఎవరైనా నేర్పి ఉంటేనా..." అన్నదట అమ్మగారు, మిత్రుడు నాకు చెప్పాడు. నవ్వుతూనే అన్నది. ఆ తరువాత ఆ మాటనే ఇంకోసారి అన్నది, ఈసారి నవ్వకుండా.

ముసలాయన వారానికి నాలుగు మడతలు చదివి పెడతానన్నాడు. "చదివి పెట్టడం ఎందుకు, వస్తే నేర్పుతాను కదా" అని కూడా అన్నాడు మిత్రుడితో. నలభై ఏళ్ళు దాటినవాడు అక్షరాలు దిద్దడమా అని అతను సిగ్గుపడ్డాడు. అమ్మగారు, "వాడు రాకపోతే నేను వస్తాను. ఆడదానికి చెబుతారా?" అని అడిగింది. ముసలాయన కాసేపు ఆలోచించి, పలక తానే కొనిస్తానన్నాడు.

సాయంకాలం మేమిద్దరం తిరుగుదారి పట్టాం. వాన పట్టుకుంది. లమ్‌ఫూన్ వైపు రోడ్డు పక్కన లమ్‌యాయ్ పండ్ల గుట్టలు, అది వాటి కాలం. తొక్క తీస్తే లోపల కనుగుడ్డు లాంటి తెల్లని గుజ్జు, నల్లని గింజ. ఒక చోట ఆగాం. కారును చూసి అమ్మే పిల్ల బ్యాంకాకు భాషలో 'యీ సిప్' అంది, కిలో ఇరవై బాట్‌లని. మిత్రుడు "సావ్?" అన్నాడు. ఇంటి భాషలో ఇరవై అదే. "సావ్" అని నవ్వి, తక్కెడలో ఇంకో గుత్తి పడేసింది. రెండు కిలోలు తీసుకున్నాం. చియాంగ్ మై చేరేసరికి కారు నిండా తొక్కలే.