వెలుగుగీత

మా పెద్దమ్మాయి పదియవ తరగతి ముగియగానే ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఫిట్టరుపని నేర్చుకొనెదనని పట్టుపట్టినప్పుడు మాయింట మూడుదినములు మాటలు లేవు. మావారు బడిపంతులు. లెక్కలలో ఇంత తెలివిగల పిల్ల ఇనుము రాచుచు నిలువవలెనా యని వారి బాధ. నా బాధ వేఱు. పెండ్లివారడిగినచో నేమని చెప్పుదును?

అమ్మాయి వివరములన్నియు తెలిసికొనివచ్చినది. చేతిపనివారికి ఈ శిక్షణ మనదేశమున 1950వ సంవత్సరమున ఆరంభమైనదట. ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులకు చదువు రెండేండ్లు, వెల్డరుపనికి ఒకయేడు. పరీక్షలో నెగ్గినవారికి దేశమంతట చెల్లుబడియగు పట్టా నిత్తురు. పిమ్మట 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారములలో భృతి పొందుచు పని నేర్వవచ్చును. తుదకు సమ్మతించితిమి, మనస్ఫూర్తిగా మాత్రము గాదు.

మొదటి నెలలలో దాని పని యొక్కటే: ఇనుపముక్కను బల్లమీది వైసులో బిగించి, ఆకురాతితో చదునుగా రాచుట. అరచేతులు బొబ్బలెక్కినవి. రాత్రి వెన్న రాయుచు, "ఇంక చాలునే తల్లీ" అంటిని. అది నవ్వి, "బొబ్బలు మానునమ్మా! మూలయే కుదురుటలేదు" అనెను.

ఒకనాడు మేమిరువురము సంస్థకు పోతిమి. ఆ తరగతిలో ఆడపిల్లలు ఇద్దఱే. అమ్మాయి తన ఇనుపముక్కకు మూలమట్టము నానించి, వెలుతురువైపెత్తి తండ్రికి చూపినది. రెంటినడుమ వెండ్రుకవంటి వెలుగుగీత! "నాన్నగారూ! మీరు సుద్దముక్కతో క్షణములో గీయు లంబకోణము ఇనుమునందు రెండు వారములైనను నాకు రాలేదు. ఆ వెలుగు పోవువఱకు రాయవలెను" అనెను. వారు కండ్లద్దములు సవరించుకొని చాలసేపు చూచిరి, ఏమియు ననలేదు. మఱునాడు నల్లబల్లపై లంబకోణము గీయబోవ, తమచేయి యొక్కక్షణ మాగినదని నాతో చెప్పిరి.

నేను చిన్ననాడు మా తాతగారియొద్ద అమరకోశము వల్లించితిని. వర్ధకి యనగా వడ్రంగి, వ్యోకారుడనగా కమ్మరి యని పనివారి పేరులన్నియు నేటికిని తడుముకొనక చెప్పుదును. పేరులు నేర్చితినేగాని ఆ పనిచేయు చేతిని ఏనాడును తలంపనైతిని. ఆ చేయి నా బిడ్డదైనపిమ్మటగాని నాకు తెలియలేదు.

ఇప్పుడు పెండ్లివారడిగినను తడబడను. మా అమ్మాయి ఇనుమునకు మూల తీర్చునని చెప్పుదును. మీయింటి ఆడపిల్లయు నిట్టి కోరిక కోరినచో, కాదనుటకు ముందు ఒక్కమాఱు దానివెంట పోయి ఆ వెలుగుగీతను చూచిరండు.